అక్రా నగరమున నొక దినము

(భూగోళ, చరిత్ర తరగతుల విద్యార్థుల కొఱకు)

విద్యార్థులారా! మన పాఠశాలలో పగలు పదునొకండున్నర గంటలైనప్పుడు ఆఫ్రికా ఖండపు పడమటి తీరమందలి అక్రా నగరమున ఉదయము ఆఱు గంటలగును. మనము సగము పాఠములు ముగించి ఆకలిగొని యుండు వేళకు అచ్చటి బిడ్డలు నిద్ర లేచుచుందురు. ఇందులకు కారణము మీ రెఱిగినదే. గ్రీనిచ్చి మీదుగా పోవు సున్న రేఖాంశము అక్రాకు తూర్పున చేరువలోనున్న తేమ అను రేవుపట్టణము మీదుగా పోవుచున్నది. కావున ఆ దేశపు గడియారమును గ్రీనిచ్చి గడియారమును ఒక్కటియే. మన గడియారము దానికి ఐదున్నర గంటలు ముందుగా నడచును.

ఈ సంచిక కొఱకు ఒక దూరదేశపు నగరమును ఎన్నుకొని, తెల్లవాఱినది మొదలు ప్రొద్దుగ్రుంకు వఱకు దానిని మీకు చూపవలెనని మేము తలపెట్టితిమి. లండను, ప్యారిసు, రోము మొదలగు పేళ్లు మొదట తోచినవి గాని అవి మీరు పలుమాఱు విన్నవే. ఆఫ్రికా యన్నంతనే మనలో పెక్కండ్రకు ఎడారియు, అడవియు, సింహమును తప్ప వేఱొకటి స్ఫురింపదు. ఆ లోపము మా బోధనలోను గలదని ఒప్పుకొనుచు, దానిని కొంత దిద్దుకొనుటకై అక్రాను ఎన్నుకొంటిమి. ఆ నగరమునకును మన తెలుగుసీమకును నడుమ కొన్ని పాతలెక్కలు గలవు. మనలో పలువురకు తెలియని ఆ లెక్కలు ఈ పయనమున నొకటొకటిగా బయటపడును. ప్రయాణమునకు టిక్కెట్టు అక్కఱలేదు; పటము ముందుంచుకొన్న చాలును.

నగరపు ఉనికి

పటము తెఱవుడు. పడమటి ఆఫ్రికాకు దక్షిణముగా సముద్రము లోనికి చొచ్చుకొని వచ్చిన చోటు గినీ సింధుశాఖ. ఆ తీరముననే ఘనా దేశమున్నది. దాని రాజధాని అక్రా. అది భూమధ్యరేఖకు ఉత్తరమున ఐదున్నర డిగ్రీల దూరమున నున్నది. మన కన్యాకుమారి ఎనిమిది డిగ్రీల మీద నుండుటచేత, అక్రా దానికంటెను భూమధ్యరేఖకు దగ్గఱ యని గ్రహింపవలెను. అట్లయ్యును అచ్చట మిక్కుటపు వానలు లేవు. పడమట దట్టమైన అడవులకు చాలినంత వాన గురియుచుండగా అక్రా చుట్టుపట్ల ఏటికి సుమారు 30 అంగుళముల వాన మాత్రమే పడును. డిసెంబరు మొదలు ఫిబ్రవరి వఱకు సహారా ఎడారినుండి హర్మటాను అను పొడిగాలి వీచును. అప్పుడు ఆకాశము దుమ్ముచేత తెల్లబడును, పెదవులు పగులును.

ఈ చోటి పూర్వవాసులు గా జాతివారు. లోపలి సీమలయందలి అకానులు వీరిని చీమలతో పోల్చి 'ఎన్‌క్రాన్' అని పిలిచిరనియు, ఆ మాటయే పాశ్చాత్యుల నోట అక్రా అయ్యెననియు చెప్పుదురు. ఆంగ్లేయులు ఈ దేశమును గోల్డుకోస్టు, అనగా బంగారుతీరము అని పిలిచి, 1877వ సంవత్సరమున తమ రాజధానిని కేప్‌కోస్టునుండి అక్రాకు మార్చిరి. 1957 మార్చి 6వ తేదీన దేశము స్వతంత్రమై ఘనా అను పేరు దాల్చెను. 2021వ సంవత్సరపు జనాభా లెక్కలనుబట్టి అక్రా మహానగర మండలమున 54 లక్షలకు పైగా జనులు గలరు.

ఉదయము: జేమ్సుటౌను తీరము

ఆఱు గంటలకు మనము నగరపు పడమటి కొనయందలి జేమ్సుటౌను అను పాతపేటలో నుందము. ఎఱుపు తెలుపు చారలు గల దీపస్తంభము మొదట కానవచ్చును. 1871లో కట్టిన పాతస్తంభమునకు మాఱుగా 1930వ దశకమున దీనిని నిలిపిరి. దాని క్రింద సముద్రపుటొడ్డున రంగురంగుల పడవలు బారులు తీరి యుండును. లోపలి అడవులలోని మహావృక్షముల మ్రానులను తొలిచి ఈ పడవలను చేయుదురు. ప్రక్కలమీద పేళ్లు, ప్రార్థనావాక్యములు, సామెతలు, జెండాలు చిత్రించియుండును. రాత్రి వేటకు పోయినవారు ఒడ్డు చేరునప్పుడు పదిమంది, ఇరువదిమంది ఒక్కపాటకు ఒక్క పట్టుగా వలత్రాడు లాగుదురు. చేప ఒడ్డున పడినదిమొదలు అది ఆడువారి సొత్తు. ధర కట్టుట, పొగబెట్టి యెండించుట, అంగడికి పంపుట యంతయు వారి పనియే.

మంగళవారమున వచ్చినచో మనకీ సందడి కానరాదు. మంగళవారము గా జాతివారు సముద్రమున వల వేయరు. అది సముద్రమునకు విశ్రాంతి దినమని వారి పూర్వాచారము.

మన తీరమున బుట్టినవారు ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. అక్రాకు సహజమైన రేవు లేదు. ఓడలు దూరముగా లంగరు వేసికొని నిలువగా, అలల నడుమ తెడ్లు వేసి పడవలలో మనుష్యులను, సరకులను దింపెడివారు. 1962లో తేమయందు గొప్ప ఓడరేవు తెఱచు వఱకు ఇట్లే జరిగినది. మన కోరమండల తీరమున పూర్వము మసూలా పడవలు చేసిన పనియు ఇదియే. కొబ్బరిత్రాటితో పలకలను కుట్టి కట్టిన ఆ పడవలు లేనిదే మద్రాసున దొర కాలు నేల మోపుట లేకుండెను. తెడ్డు పట్టినవాని నైపుణ్యము మీదనే రెండు తీరములందును కంపెనీల వ్యాపారమంతయు నడచినది.

కోటలును నూలుబట్టయు

తీరము వెంబడి తూర్పుగా నడచినచో రెండు క్రోసులైనను లేని దూరములో మూడు కోటలు. జేమ్సు కోటను ఆంగ్లేయులు 1673లో కట్టిరి. దానికి కొలది దూరమున డచ్చివారు 1649లో కట్టిన కోట యున్నది. అది 1868లో ఆంగ్లేయుల వశమై అషర్ కోట యను పేరు పొందెను. ఇంకను తూర్పున ఓసు అను పేట చెంత డేనులు 1661లో కట్టిన క్రిస్టియన్స్‌బోర్గు కోట.

ఒకే ఊరియందు ఇన్ని కోట లేల? మొదట బంగారము కొఱకును ఏనుగుదంతము కొఱకును వచ్చిరి. పిమ్మట మనుష్యులను కొనుటకు మొదలిడిరి. లోపలి సీమలలో యుద్ధములయందు చిక్కినవారిని, ఎత్తుకొని రాబడినవారిని గొలుసులతో ఈ తీరమునకు తెచ్చి, గాలి వెలుతురు చొరని నేలమాళిగలయందుంచి, ఓడ వచ్చినప్పుడు అమెరికా తోటలకు పంపిరి. మూడు నాలుగు శతాబ్దములలో ఆఫ్రికానుండి ఇట్లు అట్లాంటికు సముద్రము మీద ఓడ లెక్కింపబడినవారు సుమారు 1 కోటి 25 లక్షలమంది యని చరిత్రకారుల లెక్క. వారిలో పెక్కండ్రు త్రోవయందే మరణించిరి. డేనుల రాజు ఈ వ్యాపారమును నిషేధించిన శాసనము 1803లో అమలునకు వచ్చెను. ఆంగ్లేయులు 1807లో నిషేధించిరి.

మనుష్యుని కొనుటకు ఏమి యిచ్చిరి? ఈ ప్రశ్న మాకును మొదట తోచలేదు. తుపాకులు, మందుగుండు, సారాయి, ఇనుపకడ్డీలు ఇచ్చిరి. అన్నిటితోపాటు బట్ట ఇచ్చిరి. ఆ బట్టలో గొప్పభాగము హిందూదేశపు నూలుబట్ట. డచ్చివారికి మచిలీపట్టణమందును పాలకొల్లునందును, ఆంగ్లేయులకు మచిలీపట్టణమందును, డేనులకు తరంగంబాడియందును కొఠీలుండెడివని మీరు చదివియున్నారు. మన కోరమండల తీరమున నేసిన గుడ్డ ఐరోపా రేవులకు పోయి, అచ్చటినుండి 'గినీ బట్ట' అను పేర ఆఫ్రికాకు వచ్చెడిది. బయానా పుచ్చుకొని మగ్గము ముందు కూర్చున్న సాలెవానికి తన బట్ట ఏ దేశమునకు పోవునో, దానికి బదులుగా ఎవరు అమ్ముడుపోవుదురో తెలియదు. అతడు దోషి కాడు. కాని మన చరిత్రపుస్తకములలో 'మన బట్టలు దేశదేశములకు ఎగుమతి యయ్యెను' అని గర్వముతో చదువు వాక్యమునకు ఇట్టి ముగింపు కూడ నున్నదని మీరు ఎఱుగవలెను. ఇది మన మొదటి లెక్క.

ఆ కోటలు తరువాత చెఱసాలలయ్యెను. అషర్ కోట 1993 వఱకును, జేమ్సు కోట 2008 వఱకును కారాగారములుగానే యుండెను. జేమ్సు కోటలోని యొక ఖైదీ ఆ దేశపు చరిత్రనే మార్చెను. ఆయన క్వామె ఎన్‌క్రూమా. అకానులలో శిశువునకు పుట్టిన వారమునుబట్టి పేరు పెట్టుదురు. క్వామె యనగా శనివారమున బుట్టినవాడు, కోఫీ యనగా శుక్రవారమున బుట్టినవాడు. మన పల్లెలలో సోమవారమున బుట్టినవానిని సోమయ్య యనుట వంటిదే యిది. ఎన్‌క్రూమా 1950 జనవరిలో హింస లేని సహాయనిరాకరణమును, సమ్మెను నడపి చెఱసాలకు పోయెను. ఈ మార్గమునకు గాంధిమహాత్ముని ఉద్యమము తనకు ఆదర్శమని ఆయన చెప్పుకొనెను. 1951 ఫిబ్రవరి ఎన్నికలలో అక్రా ప్రజలు ఆయన కారాగారమున నుండగనే ఆయనను ఎన్నుకొనిరి. నాలుగు దినములకు ప్రభుత్వము ఆయనను విడిచిపెట్టవలసి వచ్చెను.

పోలో మైదానమును మకోలా అంగడియు

కోటలు దాటి పెద్దవీధి వెంట వచ్చినచో ఎన్‌క్రూమా స్మారకవనము. పూర్వము ఇచ్చట దొరలు గుఱ్ఱములమీద పోలో ఆడెడివారు. 1957 మార్చి 5వ తేదీ అర్ధరాత్రమున ఆ మైదానమందే ఎన్‌క్రూమా వేదికపై నిలిచి స్వాతంత్ర్యమును ప్రకటించెను. వనము మధ్య ఆయన సమాధి యున్నది. దాని వెనుకభాగమున శిరస్సు లేని కంచువిగ్రహ మొకటియు, ప్రక్కనే వేఱొక పీఠముపై ఆ శిరస్సును గలవు. 1966 ఫిబ్రవరి 24వ తేదీన సైన్యము ఎన్‌క్రూమాను పదవినుండి త్రోసినప్పుడు జనులు ఆయన విగ్రహమును పడగొట్టిరి. ఆయన ప్రతిపక్షులను విచారణ లేకుండ నిర్బంధించిన మాట నిజమే. పరదేశమున 1972లో మరణించిన ఆయనను 1992లో స్వదేశము గౌరవముతో ఇచ్చట సమాధి చేసెను. విఱిగిన విగ్రహమును అతికింపక విఱిగినట్లే నిలిపియుంచుట ఆ ప్రజల వివేకమని మా తలంపు. పొగడినదియు తామే, పడగొట్టినదియు తామే యని ఆ రెండు పీఠములు చెప్పుచున్నవి.

ఆకలి వేళయైనది. ఉత్తరముగా కొంత నడచినచో మకోలా అంగడి. ఇది 1924లో వెలసినది. బట్టలు, ఎండుచేపలు, టమాటాలు, మిరపకాయలు, పెండలపుదుంపలు, పూసలు, కుండలు రాశులుపోసి యుండును. వర్తకులలో నూటికి తొంబదిమంది స్త్రీలేయనిన అతిశయోక్తి కాదు. వీపున బిడ్డను గుడ్డతో కట్టుకొని, నెత్తిన గంప నిలిపి, చేతులు విడిచి నడచు తల్లులు అడుగడుగున కానవత్తురు. ఒక్కొక్క సరకునకు ఒక్కొక్క పెద్దమ్మ యుండి ధరలను, తగవులను తీర్చును. ఆమెను 'రాణి' యని పిలుతురు. 1979 ఆగస్టులో నాటి సైనికప్రభుత్వము వస్తువుల ధరలు పెరుగుటకు ఈ స్త్రీలే కారణమని నిందించి, మందుగుండుతో అంగడిని కూల్చివేసెను. అందుచేత ధరలు తగ్గలేదు. స్త్రీలు మరల గంపలు దించుకొని కూర్చుండిరి. అంగడి మరల లేచెను.

ఇచ్చట మీ యీడు బాలికలు కొందఱు పెద్ద లోహపు పళ్లెములు నెత్తిన నుంచుకొని పరుల మూటలు మోయుచుందురు. వీరు వానలు తక్కువైన ఉత్తరదేశమునుండి కూలికై వచ్చినవారు. బడిలో నుండవలసిన వయస్సు వారిది. మీరు బడికి పోవనని మారాము చేసిన దినమున వీరిని తలచుకొనుడు.

భోజనమునకు కెంకీ తిందము. మొక్కజొన్నపిండిని పులియబెట్టి, సగము ఉడికించి, ముద్దలుగా చేసి, మొక్కజొన్న పొత్తుల రేకులలో చుట్టి మరల ఉడికింతురు. మన సంకటిముద్దకు కొంచెము పులుపు చేర్చినట్లుండును. వేచిన చేప, పచ్చిమిరపకాయ నూరిన పచ్చడి నంజుకొందురు. కారము విషయమున తెలుగువాడు అచ్చట వెనుదీయనక్కఱలేదు. పూర్వమొక కఱవు తరువాత పంట పండినప్పుడు గా జనులు ఆకలిని వెక్కిరించిరట; దాని స్మృతిగా నేటికిని ఏటేట 'హోమొవో' అను పండుగ చేయుదురు. ఆ మాటకు అర్థమే ఆకలిని ఎగతాళి చేయుట.

మధ్యాహ్నము: ఓసు కూడలి

తిరిగి సముద్రపు వైపునకు వచ్చి తూర్పుగా పోవుదము. నల్లనక్షత్రము శిరస్సున దాల్చిన తోరణమును, ముప్పదివేలమంది కూర్చుండదగిన విశాలమైన చతురమును కనబడును. స్వాతంత్ర్యోత్సవములలో పెక్కు ఇచ్చటనే జరిగినవి. చిత్రపటములలో అందఱును చూచునది ఈ తోరణమే. కాని మేము మిమ్ము ఇచ్చటికి తెచ్చినది దీనికి చేరువనున్న కూడలి కొఱకు.

రెండవ ప్రపంచయుద్ధమున గోల్డుకోస్టునుండి అఱువదివేలకు పైగా యువకులు సైన్యమున చేరిరి. వారిలో అనేకులు సముద్రములు దాటి మన దేశమునకు వచ్చి, ఇచ్చట తర్ఫీదు పొంది, 81వ, 82వ పశ్చిమాఫ్రికా దళములలో అరకాను అడవులకును, కలదాను లోయకును పోయిరి. బండి నడువని కొండత్రోవలలో తుపాకులను, గుండ్లను, బియ్యమును నెత్తిన మోసికొని పోరాడిరి. 1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను కాకినాడ మీదను జపానువారి బాంబులు పడిన కథ మీ యిండ్లలోని పెద్దలు తమ పెద్దలవలన విని యుందురు, అడిగి చూడుడు. ఆ శత్రువు హిందూదేశపు తూర్పువాకిట నిలిచి తట్టుచున్నప్పుడు బర్మాలో ఎదుర్కొన్నవారిలో ఈ అక్రా కుఱ్ఱవాండ్రు కూడ నుండిరి.

యుద్ధము ముగిసి ఇండ్లు చేరినవారికి ఉద్యోగములు లేవు; ధరలు మండిపోవుచుండెను; ఇత్తుమనిన పింఛనులు, సాయములు సరిగా అందలేదు. 1948 ఫిబ్రవరి 28వ తేదీన సుమారు రెండువేలమంది పూర్వసైనికులు చేత ఆయుధములేక, గవర్నరునకు ఒక మనవిపత్రము సమర్పింపవలెనని క్రిస్టియన్స్‌బోర్గు కోటవైపు నడచిరి. కూడలియొద్ద కొద్దిమంది పోలీసులు అడ్డగించిరి. మరలిపొండని యుత్తరువైనను వారు మరలలేదు. ఆంగ్లేయాధికారి తుపాకి తీసి కాల్చెను. సార్జంటు అజెటె, కార్పొరలు అటిపో, సిపాయి ఒడార్టె లాంప్టె అను ముగ్గురు అచ్చట పడిపోయిరి. మన దేశపు సరిహద్దున శత్రువు గుండ్లను తప్పించుకొని బ్రదికి వచ్చినవారు స్వగ్రామమున, తాము సేవించిన ప్రభుత్వపు గుండ్లకు చచ్చిరి.

నగరమంతట అల్లరులు చెలరేగెను. ప్రభుత్వము నాయకులను నిర్బంధించెను, విచారణసంఘమును వేసెను, క్రొత్త రాజ్యాంగము వచ్చెను. తొమ్మిది సంవత్సరములకు స్వాతంత్ర్యము వచ్చెను. నేటికిని ప్రతి ఫిబ్రవరి 28వ తేదీన ఆ ముగ్గురి స్మారకముపై పూలమాలలుంతురు. మన పిల్లలు వారి పేళ్లు ఎఱుగరు. మేమును ఈ పాఠము సిద్ధము చేయు వఱకు ఎఱుగము. ఇది రెండవ లెక్క.

ఓసు కోటలో రెండు కథలు

కూడలి దాటినచో సముద్రపు రాళ్లమీద తెల్లని కోట. మొదటి కథ అసమాని యను నాతనిది. ఇతడు ఆక్వాము రాజ్యపువాడు. డేనులతో వర్తకము చేయుచు కోట గుట్టు తెలిసికొన్నవాడు. 1693లో తుపాకులు కొనవచ్చిన బేరగాండ్రవలె ఎనుబదిమందిని లోపలికి తీసికొనిపోయెను. చేతికిచ్చిన తుపాకులను పరీక్షించు నెపమున వారు మందు దట్టించి డేనులమీదనే త్రిప్పిరి. కోట అసమానిదయ్యెను. సుమారొక సంవత్సర మేలి, 1694లో ఏబది మార్కుల బంగారమునకు డేనులకే తిరిగి అమ్మెను. తాళపుచెవులను మాత్రము ఇయ్యలేదు. అవి నేటికిని ఆక్వాము రాజసంస్థానమున భద్రముగా నున్నవి.

రెండవ కథ ఒక కమ్మరిది. 1828లో బేసలు మిషనువారు ఇచ్చటికి వచ్చిరి. అదే సంఘమువారు 1834లో మన దేశమున మంగళూరునకు వచ్చిరి. మొదట వచ్చిన నలుగురును కొలది యేండ్లలోనే మరణించిరి. తరువాతివారు పాఠశాలలను, పనిశాలలను స్థాపించిరి. మన భాషకు బ్రౌను దొర నిఘంటువు కూర్చిన కాలముననే వారిలో జిమ్మర్‌మను అను నాతడు గా భాషకు వ్యాకరణము వ్రాసెను. ఆ మిషను పనిశాలలో కమ్మరము నేర్చినవాడు టెటె క్వార్షీ. ఇతడు ఫెర్నాండోపో ద్వీపమున పనిచేసి, 1879లో తిరిగి వచ్చునప్పుడు కోకో గింజలు తెచ్చి, అక్రాకు ఉత్తరముననున్న కొండలలో నాటెను. 1911 నాటికి గోల్డుకోస్టు లోకమంతటను అధికముగా కోకో పండించు దేశమయ్యెను. ఆ తోటలు దొరలవి కావు, చిన్నచిన్న రైతులవి. మీరు తిను చాకొలెట్టు వెనుక ఒక కమ్మరివాని మూట యున్నది.

సాయంకాలము: విద్యాస్థానములు

ఇక కాలినడక చాలదు. 'ట్రోట్రో' అను చిన్న మోటారుబండి ఎక్కుదము. క్యాంటన్‌మెంట్సు అను పేటలో అమెరికా నీగ్రోజాతి మహాపండితుడు డుబాయిస్ నివసించిన గృహమున్నది. ఆయన 1961లో, తన తొంబదిమూడవ యేట, ఆఫ్రికా విజ్ఞానసర్వస్వమును కూర్చుటకై అక్రాకు వచ్చి, 1963 ఆగస్టు 27న ఇచ్చటనే కన్నుమూసెను. ఆయన సమాధియు అచ్చటనే. తొంబదిమూడవ యేట క్రొత్త గ్రంథము మొదలుపెట్టినవానిని తలచుకొని, పరీక్షకు కాలము చాలలేదనువారు సిగ్గుపడవలెను.

నగరమునకు ఉత్తరముగా అచిమోట పాఠశాల. 1927లో తెఱచిన ఈ విద్యాలయపు చిహ్నము పియానో వాద్యపు తెల్లమీటలును నల్లమీటలును. స్థాపకులలో నొకడైన ఆగ్రీ పండితుడు, తెల్లమీటలతో ఒకవిధమైన పాటయు నల్లమీటలతో ఒకవిధమైన పాటయు పలికింపవచ్చును గాని స్వరమైత్రికి రెండును కావలెనని చెప్పెడివాడు. ఎన్‌క్రూమా ఇచ్చటి విద్యార్థియే.

అచిమోటకు తూర్పున లెగాను కొండపై 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయము. ఎఱ్ఱ పెంకుల కప్పులు, తెల్లని గోడలు, విశాలమైన గ్రంథాలయము. 2016 జూనులో మన రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీగారు ఇచ్చట గాంధిమహాత్ముని విగ్రహమును ఆవిష్కరించిరి. కొలది నెలలకే ఆచార్యులు కొందఱు, గాంధిగారు దక్షిణాఫ్రికాలో యౌవనమున నున్నప్పుడు అచ్చటి నల్లజాతివారినిగూర్చి తక్కువగా వ్రాసిన వాక్యములను చూపి, విగ్రహమును తీసివేయవలెనని కోరిరి. 2018 డిసెంబరులో దానిని అచ్చటినుండి తొలగించిరి.

ఈ సంగతిని మీకు చెప్పకుండ దాటిపోవుట సులభము. కాని అది పాఠము కాదు. అదే గాంధిగారి మార్గము వారి స్వాతంత్ర్యమునకు ఆదర్శమైన మాటయు నిజము; ఆయన యౌవనపు వ్రాతలు వారి మనస్సును నొప్పించిన మాటయు నిజము. మహాత్ముడు సయితము నేర్చుకొనుచు ఎదిగినవాడు. ఆయనను మనము పూజింపవచ్చును. పరులు అట్లే పూజింపవలెనని నిర్బంధింపరాదు. ఒక్క ప్రశ్న మనలను మనమే వేసికొందము. మన దేశమున చదువుకొనవచ్చిన ఆఫ్రికా విద్యార్థి మన వీధిలో నడచినప్పుడు మనము చూచు చూపెట్టిది? అనుకొను మాట యెట్టిది? ఇది మూడవ లెక్క. ఇది పూర్వులది కాదు, మనది.

ప్రొద్దుగ్రుంకు వేళ: టేషి

దినము ముగియవచ్చినది. తిరిగి తీరమునకు దిగి తూర్పుగా పోయినచో టేషి అను జాలరిపేట. ఇచ్చటి వడ్రంగుల పనితనము లోకమున నెల్లెడల ప్రసిద్ధము. వారు చేయునవి శవపేటికలు. భయపడకుడు! జాలరి మరణించినచో చేప రూపమునను, రైతు మరణించినచో కోకోకాయ రూపమునను, బోధకుడు మరణించినచో వేదగ్రంథపు రూపమునను పేటికను చెక్కి రంగులు వేయుదురు. విమానమెక్కవలెనని కోరి ఎక్కలేనివారికి విమానపు పేటిక. సేత్ కేన్ క్వెయి అను వడ్రంగి ఈ కళకు ఖ్యాతి తెచ్చెను. ఎంతో శ్రమించి చేసిన వస్తువును ఒక్క దినము ఊరేగించి మట్టిలో పెట్టుదురు. బ్రదుకు నంతయు ఏ పనిలో గడపెనో ఆ పనితోనే మనుష్యుని సాగనంపుట మిక్కిలి గౌరవమని వారి భావము.

ఆఱు గంటలకు అచ్చట చీకటిపడును. భూమధ్యరేఖకు దగ్గఱగుటచేత సంధ్య ఎక్కువసేపు నిలువదు. జేమ్సుటౌను దీపస్తంభము వెలుగును. పడవలు మరల సముద్రము మీదికి పోవును. అప్పటికి మన దేశమున రాత్రి పదునొకండున్నర. మీరు నిద్రలో నుందురు.

మనము చూచినవాటిలో కోటయు, కూడలియు, కొండమీది ఖాళీపీఠమును మఱవకుడు. ఒకచోట మన బట్ట పోయినది; ఒకచోట మన వాకిలి కాచినవారు పడిరి; ఒకచోట మన మాట నిలువలేదు. దూరదేశమని మన మనుకొన్న నగరమున మన పేరు ఇన్ని పుటలలో వ్రాయబడియున్నది. పాతబాకీలను మనము ధనముతో తీర్చలేము. ఆ ముగ్గురి పేళ్లు నేర్చుకొనుటయు, ఆఫ్రికావాడు మన వాకిట నిలిచినప్పుడు 'రండు, కూర్చుండుడు' అనుటయు మన చేతనైన పని.

విద్యార్థులకు ప్రశ్నలు

1. అక్రాలో ఉదయము తొమ్మిది గంటలైనప్పుడు మన పాఠశాలలో ఎన్ని గంటలగును? కారణము వ్రాయుడు.

2. అక్రా తీరపు పడవలకును కోరమండల తీరపు మసూలా పడవలకును గల పోలికలేవి? ఈ పడవల పని తగ్గుటకు కారణమేమి?

3. మచిలీపట్టణపు నూలుబట్ట అక్రా కోటకు చేరిన త్రోవను ప్రపంచపటముపై గీయుడు.

4. 1948 ఫిబ్రవరి 28వ తేదీన ఓసు కూడలియొద్ద పడిపోయిన ముగ్గురి పేళ్లు వ్రాసి, వారు మన దేశమునకు చేసిన సేవను తెలుపుడు.

5. విఱిగిన విగ్రహమును అతికింపక నిలిపియుంచుట మంచిదా, కాదా? ఇంటిలోని పెద్దలతో చర్చించి మీ యభిప్రాయమును పది పంక్తులలో వ్రాయుడు.